సూర్యాపేటలో బస్సు ఆగింది, ధార రాలేదు

పేరు వేయవద్దంటూ కృష్ణా డెల్టాలోని ఒక పల్లె నుంచి రిటైర్డు లెక్కల మాస్టారొకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. రూళ్ళ కాగితం, నీలం సిరా, మార్జిన్‌లో వరస నంబర్లు. వాడుతున్న మాత్రల రేకు ముక్కల్ని కూడా గుండుసూదితో గుచ్చి పంపారు. ఉత్తరం సారాంశం ఇదీ.

ఆయన వయసు 67. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. అరికాళ్ళ మంటలకు ఏడాదిగా రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నారు. రెండేళ్ళుగా ఒంటికి వెళ్తే గోడకు చెయ్యి ఆనించి ధార కోసం కాచుకోవాల్సి వస్తోంది. వచ్చేదీ సన్నగా, ఆగి ఆగి వస్తోంది. రాత్రి నాలుగుసార్లు లేస్తారు. వయసు కదా, ఇంతే అనుకున్నారు.

కార్తీక మాసం చివర్లో హైదరాబాదులో మరదలి కొడుకు పెళ్ళికి వెళ్ళారు. అప్పటికే జలుబు చేసి ఉండటంతో మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని, రోజుకు మూడు చొప్పున రెండు రోజులు వేసుకున్నారు. ఇంటినిండా చుట్టాలు, ఒకటే బాత్రూం. మూడు రోజులుగా విరేచనం సరిగా కాలేదు. తిరుగు ప్రయాణం రాత్రి తోడల్లుళ్ళు బలవంతం చేస్తే రెండు పెగ్గులు తీసుకున్నారు. ఈ వాక్యం పక్కన మార్జిన్‌లో, ‘కార్తీకంలో తాగానని మా ఆవిడకు తెలియదు’ అని ఉంది. పదకొండు గంటలకు స్లీపర్ బస్సు. చౌటుప్పల్ దాటగానే ఒంటికి వచ్చింది. సూర్యాపేట దాకా ఆపేది లేదన్నాడు డ్రైవరు. అక్కడ దాబా వెనక నిలబడితే నాలుగు చుక్కలు. వెనక మనుషులు, అవతల బస్సు హారన్. కోదాడ వచ్చేసరికి పొత్తికడుపు రాయిలా బిగిసింది. విజయవాడలో దిగి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. పైపు వేయగానే సంచిలోకి 900 మి.లీ. వచ్చింది. ‘రిటైరైన రోజు కూడా అంత హాయిగా లేదు’ అని రాశారు.

మూడో రోజు పైపు తీశారు. మూత్రం వస్తోంది. స్కాన్‌లో ప్రోస్టేట్ 58 గ్రాములు, పోసిన తర్వాత మూత్రపు తిత్తిలో మిగిలింది 120 మి.లీ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. పైపు వేసిన మర్నాడే తీసిన రక్తంలో పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్) 5.8. టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మందు రాసిచ్చారు.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. మందులు వాడి చూద్దాం, మళ్ళీ వస్తే ఆపరేషన్ అంటారు డాక్టరు. మే నెలలో టికెట్లు తీశాను, ఈలోగా ఆపరేషన్ చేయించుకు వచ్చెయ్ నాన్నా అంటాడు డాలస్‌లో ఉన్న అబ్బాయి. అక్కడి నుంచి ఏవో మూలికా క్యాప్సూల్స్ కూడా పంపాడు. ఆ ఆపరేషన్ చేయించుకున్నవాడు మగాడుగా మిగలడు అంటాడు బామ్మర్ది. రోజూ బార్లీ నీళ్ళు తాగి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదంటారు భార్య. మాస్టారు మాత్రం సాయంత్రం నాలుగు దాటితే నీళ్ళు ముట్టడం మానేశారు. ‘మళ్ళీ వస్తుందా? వచ్చేలోగా నేనేం చెయ్యాలి?’ అన్నది ప్రశ్న.

ఉత్తరం చివర తా.క.: ‘గజ్జల్లో చిన్న హెర్నియా ఉంది. సంక్రాంతి వెళ్ళాక ఆపరేషన్. అది వేరే డాక్టరు చూస్తున్నారు. దీనికీ దానికీ సంబంధం లేదు కాబట్టి వివరాలు రాయలేదు.’

మాస్టారూ,

నేను మీ తా.క. దగ్గరే ఆగిపోయాను. మీరు బస్సు గురించి రెండు పేజీలు రాశారు, అమెరికా గురించి ఒక పేజీ. నాకు ఆ రెండింటికన్నా సంక్రాంతి తర్వాతి హెర్నియా ఆపరేషనే ఎక్కువ భయంగా ఉంది. అది ఎందుకో తెలియాలంటే ముందు ఆ రాత్రి మీ ఒంట్లో ఏం జరిగిందో చూడాలి.

మూత్రాశయం మెడ కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది ప్రోస్టేట్. కుర్రతనంలో 20 గ్రాముల చిల్లర, మీకిప్పుడు 58. మధ్యలోంచి పోయే దారి ఇరుకైంది. ఇరుకు దారి ఒక్కటే అయితే కండరం గట్టిగా నొక్కి తోసేస్తుంది. రెండేళ్ళుగా గోడకు చెయ్యి ఆనించి మీరు కాచుకున్నది దానికోసమే. ఆ రాత్రి దారి మరింత బిగుసుకుంది, అదే సమయంలో కండరం చేతులెత్తేసింది.

మీరు పంపిన రేకు ముక్కల్లో జలుబు మాత్రది తిరగేసి చూశాను. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్, పారాసెటమాల్. మన దగ్గర జలుబు మాత్రల్లో చాలావాటికి ఇదే కూర్పు. ఫినైలెఫ్రిన్‌ను ముక్కులోని రక్తనాళాల్ని బిగించి దిబ్బడ తగ్గిస్తుందని కలుపుతారు. అదే తీరున మూత్రాశయం మెడనూ బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్ ముక్కు కారడాన్ని ఆపుతుంది, మూత్రాశయం కండరాన్ని కూడా మందగింపజేస్తుంది. ఒకే మాత్రలో ఒకటి తలుపు నొక్కిపెడితే ఇంకొకటి తోసేవాడి చేతులు పట్టుకుంటుంది. జలుబు చేసిన ముప్ఫై ఏళ్ళవాడికి దీంతో ఏమీ కాదు. మీకు అవుతుంది.

రెండో రేకు ముక్క చూశాక నేను కుర్చీలో ముందుకు జరిగాను. అరికాళ్ళ మంటలకని వాడుతున్నది అమిట్రిప్టిలిన్. నరాల మంటకు మంచి మందే, అందులో సందేహం లేదు. కానీ మూత్రాశయాన్ని మందగింపజేసే గుణం దానికీ ఉంది. మీరు ఉత్తరమంతా జలుబు మాత్రను తిట్టారు. అది రెండు రోజుల చుట్టం. ఇది ఏడాదిగా ఇంట్లో ఉంటోంది. పైగా పన్నెండేళ్ళ షుగర్. అరికాళ్ళ నరాల్ని దెబ్బతీసిన షుగర్ మూత్రాశయం నరాల్ని వదిలిపెట్టిందని అనుకోలేం. తిత్తి నిండిన కబురు ఆలస్యంగా చేరుతుంది, నొక్కే బలమూ తగ్గుతుంది.

ఇక రెండు పెగ్గులు. మద్యం తిత్తిని త్వరత్వరగా నింపుతుంది, నిండిన సంగతి తెలియకుండా మత్తులో ఉంచుతుంది. మూడు రోజులు పోని మలం వెనకనుంచి ఒత్తిడి పెడుతుంది. ఆపైన గంటల తరబడి బిగపట్టడం. మామూలుగా మూత్రాశయం 400 నుంచి 500 మి.లీ. పట్టుకుంటుంది, మీది 900 దాకా సాగింది. సాగిపోయిన పైజమా ఎలాస్టిక్‌ను ఎంత లాగినా నడుము పట్టుకోదు చూడండి, సూర్యాపేటలో మీ కండరం పరిస్థితి అది. బళ్ళో చిటికెన వేలు చూపించిన పిల్లాణ్ణి వెంటనే ఒంటికి పంపే ఉంటారు మీరు. ఆ డ్రైవరు పంపలేదు.

కాబట్టి ఆ రాత్రి లెక్కలో రెండు రకాల అంకెలున్నాయి. జలుబు మాత్ర, పెగ్గులు, మలబద్ధకం, బిగపట్టడం, ఇవి వచ్చి పోయేవి. వయసు, 58 గ్రాముల గ్రంథి, సన్నటి ధార, నాలుగుసార్లు లేవడం, మిగిలిపోయే 120 మి.లీ., షుగర్, ఇవి ఉండిపోయేవి. అమిట్రిప్టిలిన్ ఈ రెండింటి మధ్యా ఉంది. తలుచుకుంటే మార్చొచ్చు.

మళ్ళీ వస్తుందా అన్నారు. లెక్కల మాస్టారికి అంకెల్లోనే చెబుతాను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఓమ్‌స్టెడ్ కౌంటీలో 40 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసున్న 2,115 మంది మగవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. ఫలితాలు 1997లో వచ్చాయి. నలభైల్లో ఉండి, ఇబ్బందులు పెద్దగా లేనివాళ్ళలో ఇలా హఠాత్తుగా మూత్రం బంద్ కావడం ఏడాదికి వెయ్యిమందిలో ముగ్గురికన్నా తక్కువ. డెబ్భైల్లో ఉండి, ఇబ్బందులు ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవాళ్ళలో వెయ్యికి దాదాపు 35. గ్రంథి 30 మి.లీ. దాటితే ముప్పు మూడు రెట్లు. ధార వేగం సెకనుకు 12 మి.లీ.కన్నా తక్కువైతే నాలుగు రెట్లు. రెట్లు చూసి కంగారుపడే ముందు అసలు ఎంతో చూడమని మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. వెయ్యికి 35 అంటే మిగతా 965 మందికి ఆ ఏడాది ఏమీ కాలేదు. అయితే ఇవి మొదటిసారి రావడం గురించిన లెక్కలు. ఒకసారి వచ్చినవాళ్ళకు ముప్పు అంతకన్నా ఎక్కువ.

ఇందులోనూ తేడా ఉంది. కారణమేదీ లేకుండా బంద్ అయినవాళ్ళు చివరికి ఆపరేషన్ దాకా వెళ్ళడం చాలా ఎక్కువ. ఏదో మందో, మరో ఆపరేషనో, జ్వరమో కారణంగా అయినవాళ్ళలో అంత ఉండదు. మీది రెండో రకమని పూర్తిగా ధైర్యం చెప్పలేను, ఎందుకంటే ఉండిపోయే అంకెలు మీకు బాగానే ఉన్నాయి. మీ వైపునా కొన్ని ఉన్నాయి. వచ్చింది లీటరు లోపే. పైపు తీశాక మీ అంతట మీరే పోశారు. కిడ్నీలు బాగున్నాయి. లీటరు దాటినవాళ్ళలో, 70 దాటినవాళ్ళలో పైపు తీసినా మళ్ళీ వేయాల్సి రావడం ఎక్కువగా చూస్తాం.

ఇప్పుడు హెర్నియాకు వద్దాం. సంబంధం లేదన్నారు. రెండేళ్ళుగా ఒంటికి వెళ్ళినప్పుడల్లా ముక్కుతున్నారు, విరేచనానికీ ముక్కుతున్నారు. గజ్జల్లో బలహీనమైన చోట పేగు బయటికి తోసుకురావడానికి ఆ ముక్కుడు ఒక కారణం కావచ్చు. అది గతం. రాబోయేది చూడండి. వెన్నులో మత్తు ఇస్తే మూత్రాశయం నరాలు కొన్ని గంటలు నిద్రపోతాయి. చేతికి సెలైన్ ఎక్కుతూ ఉంటుంది, తిత్తి నిండుతూ ఉంటుంది. నొప్పికి ట్రమడాల్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే అది మూత్రాన్నీ మలాన్నీ రెండింటినీ బిగిస్తుంది. పడుకున్నచోటే సీసాలో పొయ్యమంటారు, అలవాటు లేనివాళ్ళకు రాదు. బస్సులో కలిసినవన్నీ వేరే వేషాల్లో ఆ మంచం చుట్టూ చేరతాయి. ఆ సర్జన్‌కు పైపు సంగతి చెప్పారా? ‘తగ్గిపోయింది కదా అని చెప్పలేదు’ అని మీ ఆరో పేజీలో ఉంది.

అంటే హెర్నియా చేయించుకోవద్దని కాదు. దారులున్నాయి. హెర్నియా చిన్నది, పడుకుంటే లోపలికి పోతోంది, నొప్పి లేదు అన్నట్టయితే కొన్ని నెలలు ఆగి చూడటానికి సాధారణంగా సర్జన్లూ ఒప్పుకుంటారు. అది బయటే ఇరుక్కుపోయి, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం గంటలు కూడా ఆగకూడదు. లేదా ముందు ప్రోస్టేట్ సంగతి తేల్చుకుని తర్వాత హెర్నియా. లేదా ఆ చోట మాత్రమే మొద్దుబార్చే మత్తుతో, కోతపెట్టి చేసే పద్ధతిలో చేయించుకోవచ్చు. వెన్నుమత్తుతో పోలిస్తే దాంతో మూత్రం ఆగే ముప్పు బాగా తక్కువ. లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది) అంటే సాధారణంగా పూర్తి మత్తు కావాలి. ఏ దారైనా సరే, మీకోసం సర్జన్, మత్తు డాక్టరు, యూరాలజిస్టు (మూత్ర సమస్యలు చూసే డాక్టరు) ఒక్కసారి ఫోన్‌లోనైనా మాట్లాడుకోవాలి. మాట్లాడుకునేలా చెయ్యాల్సింది మీరే. ఎవరి గది వాళ్ళది అయిపోయిన రోజులివి.

ప్రోస్టేట్ విషయంలో మీ ముందు మూడు మార్గాలున్నాయి. మందులతో కొనసాగడం మొదటిది. ఇప్పుడు మీరు వేసుకునే దాంట్లో టామ్సులోసిన్ కొద్ది రోజుల్లోనే మెడను వదులు చేస్తుంది. గ్రంథిని మాత్రం చిన్నది చేయదు. ఆ పని డ్యూటాస్టెరైడ్‌ది, దానికి ఆరు నెలలు పడుతుంది, తగ్గితే పాతిక శాతం లోపు తగ్గుతుంది. ఇదే జాతికి చెందిన ఫినాస్టెరైడ్‌ను, మెడ వదులుచేసే మరో మందుతో కలిపి 3,047 మందిపై నాలుగున్నరేళ్ళు చూసిన అమెరికా పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. రెండూ కలిపి వాడినవాళ్ళలో మూత్రం బంద్ కావడం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే 81 శాతం తగ్గింది. ఫినాస్టెరైడ్ ఒక్కటే అయితే 68 శాతం. మెడ వదులుచేసే మందు ఒక్కటే వాడినవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి మీ డాక్టరు ఇచ్చిన జోడీ సరైనదే. ‘పది రోజులకే ధార బాగైంది, ఇంక ఆపేయనా’ అని అడిగారు. మీకు బాగనిపించింది మొదటి మందు పని. మిమ్మల్ని కాపాడాల్సిన రెండోది ఇంకా పనిలోకి దిగనే లేదు.

ఈ మార్గంలో చిక్కు ఎక్కడంటే, కార్తీకం చివర మొదలుపెట్టిన మందుకు ఆరు నెలలు నిండేది మే నెలాఖరుకు. మీ హెర్నియా, మీ విమానం రెండూ దానికి ముందే ఉన్నాయి.

రెండోది ఆపరేషన్, అది కూడా ఇప్పుడే. మూత్రనాళం గుండా వెళ్ళి గ్రంథిని లోపలినుంచి చెక్కి తీసే పాత పద్ధతి ఉంది, లేజర్‌తో ఒలిచి తీసేదీ ఉంది. 58 గ్రాములకు రెండూ కుదురుతాయి. ఒకటి రెండు రోజులు పైపు, కొన్ని వారాలు మంట, అప్పుడప్పుడు ఎర్రగా రావడం ఉంటాయి. బరువులు ఎత్తకుండా నెల, నెలన్నర. ఫిబ్రవరిలో చేయించుకుంటే మే నెలకి ప్రయాణానికి సిద్ధంగా ఉంటారు. మళ్ళీ పైపుతో ఆసుపత్రిపాలై హడావుడిగా చేయించుకునేదానికన్నా, ఇలా తీరిగ్గా చేయించుకుంటే ఇబ్బందులు తక్కువ. అబ్బాయి మాటలో ఆ మేరకు న్యాయం ఉంది. కానీ మీ షుగర్ వల్ల ఒక మెలిక ఉంది. దారి వెడల్పు చేసినా తోసే కండరంలో బలం లేకపోతే ధార బాగుపడదు. కాబట్టి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, మూత్రాశయంలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష నాకు అవసరమా అని అడగండి. అది లేకుండా చేయించుకుని, ఫలితం రాలేదని డాక్టర్ని తిట్టుకునేవాళ్ళను చాలామందినే చూశాను.

మూడోది, టికెట్లు రెండు మూడు నెలలు వెనక్కి జరపడం. జూన్‌లో మళ్ళీ స్కాన్, ధార వేగం పరీక్ష చేయించుకుని, గ్రంథి ఎంత తగ్గింది, ఎంత మిగులుతోంది చూసుకుని, అప్పుడు ఆపరేషనా విమానమా తేల్చుకోవడం. టికెట్ మార్పు రుసుము పోతుంది, అబ్బాయి అలుగుతాడు. నాకైతే హెర్నియా ఆగగలిగేదైతే ఈ దారే నచ్చింది. అన్ని నెలలు ఆగలేనిదైతే ఫిబ్రవరిలో ప్రోస్టేట్ ముందు, హెర్నియా తర్వాత అన్న వైపు మొగ్గుతాను. కానీ కత్తి అంటే మీకెంత భయమో, మనవణ్ణి చూడాలని ఎంత తొందరో నేను కొలవలేను.

ఏ దారి పట్టినా అమిట్రిప్టిలిన్ సంగతి ఈ వారమే తేల్చండి. టక్కున ఆపకండి, రాసిన డాక్టరు దగ్గరికి రేకుతోపాటు వెళ్ళి, ‘నాకు మూత్రం బంద్ అయింది, దీని బదులు ఇంకోటి ఉందా’ అని అడగండి. అరికాళ్ళ మంటలకు వేరే మందులున్నాయి. నాలుగు మార్గాల్లోనూ చవకైనది ఇదే. నాలుగా అంటారేమో, మూడే చెప్పాను కదా. దీన్నీ కలుపుకోండి.

పీఎస్ఏ 5.8 చూసి మీ బామ్మర్ది క్యాన్సర్ అన్నాడట. మూత్రం బిగిసి, పైపు పడి, గ్రంథి ఒరుసుకుపోయి ఉన్నప్పుడు తీసిన రక్తం అది. ఆ స్థితిలో పీఎస్ఏ పెరగడం మామూలే, ఆ అంకెను పట్టుకుని ఏమీ చెప్పలేం. పైపు తీసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ చేయించండి, వేలితో గ్రంథిని తడిమి చూసే పరీక్షా చేయించుకోండి. ఇంకో సంగతి, డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలయ్యేసరికి పీఎస్ఏను దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. అప్పుడు రిపోర్టులో 2.5 ఉంటే 5 అని చదువుకోవాలి. అమెరికాలో చూపించుకున్నా ఈ మందు పేరు ముందే చెప్పండి. ఎప్పుడైనా కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్తే టామ్సులోసిన్ వాడుతున్నానని (ఆపేసి ఉన్నా సరే) కంటి డాక్టరుకు చెప్పండి. దాని వల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప సరిగా తెరుచుకోకుండా ఇబ్బంది పెడుతుంది. ముందే తెలిస్తే వాళ్ళు సర్దుకోగలరు.

ఏడో పేజీలో ఒక వాక్యం రాసి, గీతలు కొట్టేశారు. నీలం సిరా పలచగా ఉండటంతో చదవగలిగాను, క్షమించండి. అడగాల్సిందే అడిగారు. ఆపరేషన్ వల్ల అంగస్తంభన మామూలుగా పోదు. ముందు ఎలా ఉందో ఎక్కువమందికి తర్వాతా అలాగే ఉంటుంది. మారేదేమిటంటే, పాత పద్ధతైనా లేజరైనా ఎక్కువమందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. సుఖం ఉంటుంది, తడి ఉండదు. ఒంటికి హాని లేదు. మందుల్లోనూ కొంత ఉంది. టామ్సులోసిన్‌తో వీర్యం తగ్గినట్టనిపిస్తుంది, డ్యూటాస్టెరైడ్ కొద్దిమందిలో కోరికను, పటుత్వాన్ని తగ్గిస్తుంది. పన్నెండేళ్ళ షుగర్ చేసిన పనిని ఈ మందుల మీదికి తోయకుండా, మందు మొదలుపెట్టే ముందు ఎలా ఉండేదో డాక్టరుతో నిజం చెప్పండి. బామ్మర్ది మాట పక్కన పెట్టండి. ఆయన ఆ ఆపరేషన్ చేయించుకోలేదు కదా.

నీళ్ళు మానడం మంచిది కాదు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, అదే మళ్ళీ మూత్రాన్ని అడ్డుకుంటుంది. పగలంతా కొంచెం కొంచెంగా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గిస్తే చాలు. మీ ఆవిడ చెప్పిన బార్లీ నీళ్ళు తాగండి, కానీ చెంబుడు ఒక్కసారిగా తాగి బయల్దేరకండి. గ్రంథిని కరిగించే శక్తి వాటికి లేదు. అబ్బాయి పంపిన క్యాప్సూల్స్ సా పాల్మెటో అనుకుంటాను. 2006లోనూ, మామూలుకు మూడు రెట్ల మోతాదుతో 2011లోనూ అమెరికాలోనే పరీక్షించారు. ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలలేదు. వాణ్ణి నొప్పించడం ఇష్టం లేకపోతే షెల్ఫులో ఉంచుకోండి.

వెళ్ళే ముందు యూరాలజిస్టు చేతికి ఇవ్వడానికి ఒక కాగితం తయారు చేయండి, మీకు సరదాగానే ఉంటుంది. కొలతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకుని మూడు రోజులు, పోసిన ప్రతిసారీ సమయం, మి.లీ. రాయండి. తాగినవీ రాయండి. ఒకసారి పోశాక రెండు నిమిషాలు అక్కడే ఉండి మళ్ళీ ప్రయత్నించండి. రెండోసారి ఎంత వచ్చిందో పక్క గడిలో వేయండి. ఏడు ప్రశ్నల ఫారం ఒకటి వాళ్ళే ఇస్తారు, మొత్తం 35 మార్కులు. ఏడు దాకా తక్కువ, 19 దాకా మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. మీ ఉత్తరాన్ని బట్టి నేను దిద్దితే 19 దగ్గర ఆగింది. మార్కులు ఎక్కువ రాకూడని పరీక్ష ఇదొక్కటే కాబోలు.

విమానం ఎక్కడం ఖాయమైతే నడవా పక్క సీటు తీసుకోండి. వచ్చినా రాకపోయినా రెండు గంటలకోసారి లేచి వెళ్ళండి. వైను వద్దు. డాలస్‌లో జలుబు చేసినా, నిద్ర పట్టకపోయినా అబ్బాయి మందుల షాపు నుంచి తెచ్చేవాటి మీద డైఫెన్‌హైడ్రమైన్, డాక్సిలమైన్, సూడోఎఫెడ్రిన్ అన్న పేర్లుంటే పక్కన పెట్టండి. అక్కడ నిద్రకు చీటీ లేకుండా అమ్మే మాత్రల్లో ఆ మొదటి రెండే ఎక్కువ. మీ బీమా పాలసీ పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తుందో టికెట్ మార్చుకునే గడువు దాటకముందే చదివించుకోండి.

మళ్ళీ ఎప్పుడైనా నిండినట్టుండి, పొత్తికడుపు నొప్పిగా ఉండి, చుక్క రాకపోతే తెల్లారేదాకా కాచుకోవద్దు. ఇంకా నీళ్ళు తాగి తోద్దామనుకోవద్దు. క్యాజువాలిటీ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా పైపు వేస్తారు. చలిజ్వరం ఉన్నా, రక్తం గడ్డలు పడుతున్నా అంతే. దాంతోపాటు కాళ్ళు బలహీనమై, కూర్చునే చోట తిమ్మిరెక్కితే అది ప్రోస్టేట్ కాదు, వెన్ను సంగతి. ఆ మాట వాళ్ళకు మొదట చెప్పండి. ఇక నొప్పే లేకుండా నిద్రలో పక్క తడవడం మొదలైతే తగ్గిందనుకోకండి. తిత్తి పొర్లిపోతోందని అర్థం, కిడ్నీల మీదికి వచ్చేది ఆ రకమే.

పెగ్గుల సంగతి మీ ఆవిడకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేను దూరను. మత్తు డాక్టరుకు మాత్రం చెప్పండి. ఈసారి హైదరాబాదు వెళ్తే రైల్లో వెళ్ళండి, పెట్టె చివర బాత్రూం ఉంటుంది, సూర్యాపేట వచ్చేదాకా ఎవర్నీ బతిమాలక్కర్లేదు.